ఏడో లైనులో హారన్

హారన్ మార్చమని నా దుకాణానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మందిని నేను లోపల్లోపల తిట్టుకుంటూనే పని చేసిపెడతాను. గోదావరిఖని చౌరస్తా నుంచి లోపలికి వెళ్ళే రోడ్డు మీద పద్దెనిమిదేళ్ళుగా మోటారు సైకిళ్ళ కరెంటు పని చేస్తున్నాను. వైరింగు, బ్యాటరీలు, లైట్లు, హారన్లు. లారీ హారన్ కావాలని వచ్చేవాళ్ళున్నారు, కుక్క మొరిగినట్టు మోగాలనేవాళ్ళున్నారు. అంబులెన్సు కూత పెట్టమని అడిగినవాడిని మాత్రం బయటికి పంపి షట్టరు సగం దించాను. నాకు కోపం ఎక్కువని బజారంతా పేరు. ఉండనివ్వండి.

అలాంటి నా దగ్గరికి నిరుడు కార్తీకంలో ఒక మధ్యాహ్నం బుచ్చన్న వచ్చాడు. యాభై ఏడేళ్ళ మనిషి. బొగ్గుబాయిలో ల్యాంప్ రూము పని. బండి అతనితో పాటే ముసలిదైపోయింది. దుకాణం ఇంకా నాలుగడుగులు ఉందనగా ఇంజను ఆపేసి, బండిని తోసుకుంటూ తెచ్చి నిలబెట్టాడు. ఎప్పుడొచ్చినా అంతే. అది అతని కాలనీ నేర్పిన అలవాటు.

"సదానందం, దీనికి పెద్ద హారన్ పెట్టాలె," అన్నాడు.

"ఎంత పెద్దదన్నా?"

"నీ దుకాన్ల ఉన్నదాంట్ల అన్నిటికన్న పెద్దది."

నాకు నవ్వాగలేదు. "ఏందన్నా, ఈ వయసుల ఎవలకు ఇనవడాలె? మల్ల పెండ్లి గిట్ల చేసుకుంటున్నవా ఏంది?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. అతని భార్య సారలమ్మ పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. బుచ్చన్న కోపగించుకోలేదు, నవ్వనూ లేదు. స్టూలు లాక్కుని, కుడి చెవి నా వైపుకు వచ్చేలా కూర్చున్నాడు. ఎడమ చెవి ఏనాడో పోయింది, కుడిదీ అంతంత మాత్రమే. పదేళ్ళు లోపల డ్రిల్లు పట్టినందుకు అతనికి మిగిలింది అదే.

"బిక్షం సంగతి తెల్సుగద నీకు," అన్నాడు.

తెలుసు. బుచ్చన్న పక్క క్వార్టరు మనిషి. రెండు వారాల కింద గుండె ఆగి పోయాడు. ఊరంతా చెప్పుకున్నది అంతవరకే. బుచ్చన్న చెప్పింది వేరు.

అది చెప్పాలంటే ముందు వాళ్ళ లైను పద్ధతి చెప్పాలి. బాయి పనివాళ్ళ కాలనీలో ఏ సమయంలో చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. రాత్రంతా బొగ్గులో ఉన్నవాడు పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి పడుకుంటాడు. అందుకని బుచ్చన్న ఉండే క్వార్టర్ల వరుస, ఏడో లైనులోకి తిరిగే మలుపు దగ్గర బండి ఇంజను ఆపేయాలి. ఇంటిదాకా తోసుకుంటూ పోవాలి. హారన్ మాట అసలే లేదు. ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చినవాడు కూడా వారం తిరగకుండా నేర్చుకుంటాడు. బుచ్చన్న ముప్పై ఏళ్ళుగా బండిని అలాగే తోస్తున్నాడు. అంతకుముందు సైకిలు బెల్లుకు గుడ్డ చుట్టేవాడట.

"బిక్షం పెండ్లాం బిడ్డ కాన్పుకని శ్రీరాంపూర్ పోయింది," అన్నాడు బుచ్చన్న. "వాడు ఒక్కడే ఉన్నడు. ఆ వారం వానిది నైట్ షిఫ్టు. సోమారం నేను డ్యూటీకెల్లి వచ్చేసరికి వాని తలుపు పెట్టి ఉన్నది, బండి గేటు లోపట ఉన్నది. పండుకున్నడనుకున్న. తోసుకుంట పోయిన. మంగళారం గట్లనే. పొద్దుగాల ల్యాంప్ రూంల చూస్తే వాని లైటు దాని జాగల అది ఉన్నది. నైట్ షిఫ్టోడు పొద్దున ఇచ్చిపోయినా లైటు గాడనే ఉంటది, అసలు తీసుకపోకున్నా గాడనే ఉంటది. చూస్తె ఏం తెలుస్తది?"

నేను టెస్టరు కింద పెట్టేశాను.

"బాయిల హాజరు లేకపోతే నాగా అనుకున్నరు. పెండ్లాం ఫోన్ చేస్తే ఎత్తలే. పగలైతే పండుకున్నడనుకున్నది, రాత్రయితే డ్యూటీల ఉన్నడనుకున్నది. బుధారం మాపటికి నాకు ఫోన్ చేసింది, ఒకపారి చూడు అన్నా అని. అప్పుడు తలుపు కొట్టిన." బుచ్చన్న స్టూలు మీద ముందుకు జరిగాడు. "ఆదివారం రాత్రే పోయిండట. డ్యూటీకి తయారయి, బూట్లు గూడ తొడుక్కున్నడు. మూడు దినాలు, సదానందం. సచ్చిపోయినోని నిద్ర చెడుతదని మూడు దినాలు నేను బండి తోసుకుంట పోయిన."

"నీ తప్పేమున్నదన్నా," అన్నాను. ఇలాంటప్పుడు అందరం అనే మాటే.

"తప్పు సంగతి కాదు. ఇన్నేండ్ల కెల్లి లైట్లు ఇచ్చుడు, తీసుకునుడు నా పని. బాయిల దిగినోడు లైటు తిరిగియ్యకపోతే ఊకుంటమా? మనుషుల్ని పంపుతం, వెతుకుతం. అసలు లైటు తీసుకపోనోన్ని ఎవలు వెతుకుతరు? రేపు నేను పోతే నా సంగతి గూడ అంతే. గిట్ల చూస్తే నాగా, గట్ల చూస్తే డ్యూటీ."

అందుకని అతను ఆలోచించిన ఉపాయం హారన్. మొదటి షిఫ్టు దిగి మూడున్నరకు లైను మలుపు దగ్గరికి వస్తాడు. అక్కడ మూడుసార్లు కొడతాడు. సెలవు నాడైనా అదే వేళకు బయటికి వెళ్ళి వచ్చి మరీ కొడతాడు. ఒక నెల గడిస్తే ఆ లైనులో ఉన్నవాళ్ళ చెవులకు అలవాటవుతుంది. కొట్టని రోజు ఎవరో ఒకరికి వెలితిగా అనిపిస్తుంది. ఒక్కరికి అనిపిస్తే చాలు.

"లైన్లోల్లకే చెప్పరాదే? దినాం ఒకపారి వచ్చి చూడుండ్రి అని," అన్నాను.

"చెప్తే వస్తరు. మంచోళ్లే అందరు. రెండు దినాలు వచ్చి, కాకా బాగున్నవా అంటరు. మూడో దినం యాది మరుస్తరు. వాళ్ల ఫికర్లు వాళ్లకుంటయి. ఇది చెప్పి చేయించుకునేది కాదు, సదానందం. చెవులకు పట్టాలె. నువ్వు గూడ ఎవలకు చెప్పకు."

సరేనని మాట ఇచ్చాను. నా దగ్గరున్న వాటిలో గట్టిదాన్ని తీశాను. కంపెనీ హారన్ ఆ బండికి ఎప్పుడో గొంతు పోయి, దగ్గినట్టు మోగుతోంది. దాన్ని విప్పేసి, ముందు గొట్టాల మధ్య కొత్త హారన్‌కు పట్టీ వేశాను. ఇంత గట్టి హారన్ లాగే కరెంటుకు పాత స్విచ్చి మాడిపోతుంది కాబట్టి రిలే పెట్టి, బ్యాటరీ నుంచి వేరే లావుపాటి వైరు లాగాను. వెనక ఉండే మరను చివరిదాకా బిగించి, మళ్ళీ కదలకుండా దాని మీద పెయింటు చుక్క వేశాను. ఆ మర తిప్పితే గొంతు పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. అంతే దాని మర్మం.

బుచ్చన్న బటన్ నొక్కాడు. చెవుల తుప్పు వదిలింది. ఎదుటి టీ కొట్టులో ఎవరో మా వంశాన్ని తలచుకున్నారు. బుచ్చన్న మాత్రం తల వంచి కుడి చెవి పెట్టి విని, అనుమానంగా నా ముఖం చూశాడు.

"ఇనవడ్తదా? ఏడో లైన్ల ఆ మూల దాంక ఇనవడ్తదా?"

"గోదావరి అవతలికి ఇనవడ్తది, ఫికర్ చెయ్యకు," అన్నాను.

అప్పుడు నవ్వాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ నాలుగడుగులు బండి తోసుకుంటూ పోయి, అవతల స్టార్టు చేశాడు.

*

బుచ్చన్నది కమాన్‌పూర్ దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళప్పుడు బదిలీ ఫిల్లర్‌గా బాయిలో చేరాడు. అంటే రానివాడి బదులు బొగ్గు తట్టలకెత్తే పని. తర్వాత డ్రిల్లు. మోకాళ్ళు, చెవి రెండూ ఒకేసారి మొండికేశాక డాక్టరు తేలిక పని రాసిచ్చాడు. అలా ల్యాంప్ రూముకు వచ్చాడు. దిగేవాడికి లైటు ఇవ్వాలి, ఎక్కి వచ్చినవాడి దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టాలి. ఆరు వందల లైట్లలో ఏ నంబరు ఎవరిదో అతనికి కాయితం చూడకుండా తెలుసు. మనిషి ముఖం మరచిపోయినా నంబరు మరవడు. నన్ను కూడా కొన్నాళ్ళు, అదే బాయిలో పనిచేసిన మా నాన్న నంబరుతోనే పిలిచాడు.

ఆ చెవితో అన్‌ఫిట్ రాయించుకుని ఇంటికి పోవచ్చు కదా అని చాలామంది అన్నారట. బాయి పనివాళ్ళలో అది పెద్ద అదృష్టం కింద లెక్క. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కో కూతురుకో ఉద్యోగం వస్తుంది. బుచ్చన్న దానికి ఒకటే జవాబు చెప్పేవాడు. "అన్‌ఫిట్ అయి ఎవలకియ్యాలె? ఇంటికాడ కూసుండి గోడలకియ్యాల్నా?"

హారన్ బిగించిన పది రోజులకు నేను ఏడో లైనుకు వెళ్ళాను. రిలే ఎలా ఉందో చూడ్డానికని చెప్పుకున్నాను కానీ నిజానికి ఆగలేక వెళ్ళాను. ఇరవై నాలుగు క్వార్టర్ల లైను అది. ఒకప్పుడు పండగొస్తే నడవడానికి సందుండేది కాదంటారు. సొంత ఇళ్ళు కట్టుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు అయిదు ఇళ్ళలోనే మనుషులున్నారు. మిగతావాటి గేట్లకు తీగలు పాకాయి. బిక్షం ఇంటికి తాళం. అతని భార్య కూతురు దగ్గరే ఉండిపోయింది. ఆ వరుసలో బుచ్చన్న ఇల్లు ఒకటి, మళ్ళీ ఆరు ఖాళీ ఇళ్ళు దాటాక ప్రశాంత్ అనే కుర్ర కార్మికుడి ఇల్లు.

మూడున్నరకు మలుపు దగ్గర హారన్ మోగింది. మూడుసార్లు, నిదానంగా. ఖాళీ గోడలకు తగిలి ఇంకా పెద్దగా వినిపించింది. బుచ్చన్న బండి దిగి తోసుకుంటూ వచ్చాడు. హారన్ కొట్టి లైను నియమం తప్పినవాడికి, ఇంజను ఆపే నియమం తప్పడానికి మాత్రం మనసొప్పలేదు. గేటు దగ్గర నిలబడి లైను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. ప్రశాంత్ ఇంట్లో పాప ఏడుపు వినిపించింది. ఎవరో కిటికీ రెక్క విసురుగా మూశారు. ఇంకెక్కడా కదలిక లేదు. అయినా అతను ఒక బీడీ కాలేంత సేపు అలాగే నిలబడ్డాడు.

"మూసిండ్రు, చూసినవా?" అన్నాడు నాతో. "అంటే ఇనవడ్డట్టే."

లోపల చాయ్ పెట్టాడు. తలుపు పక్కన గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి బండి తాళం తగిలించాడు. రెండోదానికి సారలమ్మ తాళాల గుత్తి అలాగే వేలాడుతోంది. ఆమె బతికున్నప్పుడు ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు బయటికి వెళ్ళారో ఆ మేకులు చూస్తే తెలిసేదట. ల్యాంప్ రూము పద్ధతి ఇంటికి కూడా తెచ్చావేందన్నా అని ఎగతాళి చేశాను. "సారలమ్మ పెట్టిన మేకులే," అన్నాడు. చాయ్ రెండు గ్లాసుల్లో పోశాడు. రెండో గ్లాసు ఎక్కడుందో వెతకడానికి అతనికి చాలాసేపు పట్టింది. నాకు అక్కడ ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు. దుకాణంలో పని ఉందని అబద్ధం చెప్పి వచ్చేశాను.

*

ఇంకో పది రోజులకు ప్రశాంత్ నా దుకాణం మీదికి వచ్చాడు. తండ్రి ఉద్యోగం తనకొచ్చి నాలుగేళ్ళయింది. భార్య హర్షిణి, ఏడాదిన్నర పాప సహస్ర. మంచివాడే కానీ ఆ రోజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, బుచ్చన్న కాకకు హారన్ నువ్వే పెట్టినవట."

"పెట్టిన. అయితే?"

"అయితే ఏందన్నా! ఈ వారం నాకు నైట్ షిఫ్టు. పొద్దుగాల వచ్చి పండుకుంటే నిద్ర పట్టేసరికే పన్నెండు అయితది. మూడున్నరకు లారీ మీదికొచ్చినట్టు ఉలిక్కిపడి లేస్తున్న. పాప లేస్తే ఇగ మాపటిదాంక ఏడుపే. రేపు బాయిల కునుకుపాటు వస్తే నా గతేం గావాలె?"

"మరి ఆయననే అడగరాదు?"

"హర్షిణి అడిగింది. కాకా, హారన్‌కు పాప లేస్తాంది అంటే, 'ఇనవడ్తాందా బిడ్డా? ఆ మూలకు మంచిగ ఇనవడ్తాందా?' అని అడిగిండట. ఇనవడ్తాందని గట్టిగనే అన్నదట. నవ్వుకుంట లోపటికి పోయిండట. మతి గిట్ల తప్పిందా ఆయనకు?"

నిజం నా నోటిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మింగేశాను. "నాకేం తెల్సు," అన్నాను.

"సరే. ఇంకో రెండు దినాలు చూస్త. బండి ఫోటో తీసి పోలీసోళ్లకు పెడ్త. పెట్టినోని దుకాణం పేరు గూడ చెప్త. ఏమనుకోకన్నా."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ మధ్యే పట్టుకున్న హారన్లన్నీ రోడ్డు మీద పరిచి రోలరు ఎక్కించారు. బిగించిన మెకానిక్కుల పేర్లు కూడా రాసుకుంటారని బజారులో అనుకుంటున్నారు. నాకు కోపం ఎక్కువ అన్నాను కదా, భయం కూడా తక్కువేం కాదు.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు బుచ్చన్న వచ్చాడు. సెలవు రోజు కాబట్టి హారన్ కొట్టడం కోసమే బయటికి వచ్చాడు. పనిలో పనిగా రిలే దగ్గర వైరు వదులైందేమో చూడమన్నాడు. చూస్తాను, నువ్వు చాయ్ తాగి రా అని ఎదురుగా టీ కొట్టుకు పంపాను. అతను అటు తిరగ్గానే మర మీద పెయింటు చుక్క గీకేశాను. వెనక్కి ఒకటిన్నర చుట్టు తిప్పాను. నొక్కి చూశాను. అంత గొంతూ పోయి, జలుబు చేసిన మేకలా మిగిలింది.

బుచ్చన్న తిరిగి వచ్చి తానూ నొక్కాడు. ఎందుకో అరచేయి హారన్ మీద పెట్టి మరోసారి నొక్కాడు. అది వణుకుతూనే ఉంది.

"మంచిగ ఇనవడ్తాందిగద?" అని నన్ను అడిగాడు.

ఇరవై రోజుల కింద అడిగిన ప్రశ్నే. అతనికి తన చెవి మీద నమ్మకం లేదు, నా మాట మీద ఉంది. నేను అతని కుడి చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. "మంచిగ ఇనవడ్తాందన్నా."

అతను వెళ్ళిపోయాక నాకు నేను బాగానే సర్ది చెప్పుకున్నాను. అతను కొడతాడు, కొట్టానన్న తృప్తి అతనికి ఉంటుంది. పాప నిద్ర చెడదు. ప్రశాంత్ ఫిర్యాదు చెయ్యడు. ఎవరికీ నష్టం లేదు. ఈ లెక్క సాయంత్రందాకా నిలబడింది. షట్టరు వేస్తుండగా కూలిపోయింది. కొట్టని రోజు తెలియాలంటే కొట్టిన రోజు వినపడాలి కదా. ఇప్పుడు అతను కొట్టినా కొట్టకపోయినా ఆ లైనుకు ఒకటే. ముప్పై ఏళ్ళు ఎవరి నిద్రా చెడగొట్టని మనిషి మొదటిసారి నేనున్నానని గొంతెత్తితే, ఆ గొంతు నొక్కింది నేను. అదీ అతనికి తెలియకుండా. ప్రశాంత్‌కు కూడా తగ్గించానని చెప్పలేదు. చెబితే భయపడి తగ్గించాననుకుంటాడని అభిమానం అడ్డొచ్చింది. రేపు పిలిచి మళ్ళీ బిగించేస్తానని అనుకున్నాను. తెల్లారాక, ఎల్లుండి అనుకున్నాను.

ఎల్లుండిదాకా ఆగవలసిన పని లేకపోయింది. సోమవారం నాలుగు గంటలకు బుచ్చన్న బండి మీద ఇద్దరూ వచ్చారు. ప్రశాంత్ నడుపుతున్నాడు, వెనక బుచ్చన్న. బండి నిలపకముందే ప్రశాంత్ అందుకున్నాడు.

"హారన్ తగ్గించినవా అన్నా?"

"తగ్గించిన. నువ్వే గద..."

"నేనే అన్న! తగ్గించినంక నాకొక మాట చెప్పాలె గద! ఏం జరిగిందో తెల్సా నీకు?"

అతను రొప్పుతూ చెప్పింది ఇదీ. ఆదివారం సాయంత్రం అయిదింటికి అతనికి తనంతట తనకే మెలకువ వచ్చింది. ఎన్నాళ్ళకో కడుపునిండా నిద్రపోయాడు. పాప కూడా ఇంకా పడుకునే ఉంది. హాయిగా ఉండాలి కదా, ఉండలేదు. ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో అంతుపట్టక మంచం మీద కూర్చుని ఉంటే, హర్షిణి వంటింట్లో నుంచి వచ్చి, "కాక ఇయ్యాల హారన్ కొట్టలేదేంది?" అంది.

ఇద్దరూ బయటికి వచ్చి చూశారు. బుచ్చన్న బండి గేటు లోపల ఉంది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బిక్షం ఇల్లు కూడా ఆ మూడు రోజులూ సరిగ్గా అలాగే ఉంది. ప్రశాంత్ ఆ మూడు రోజులూ ఆ ఇంటి ముందు నుంచే నడిచాడు. పరుగెత్తి తలుపు కొట్టాడు, పిలిచాడు, అరిచాడు. పలుకు లేదు. హర్షిణి పాపను చంకనేసుకుని ఏడుపు మొదలుపెట్టింది. మిగతా మూడు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ప్రశాంత్ వెనక గోడ దూకి, పెరటి తలుపును భుజంతో గుద్దాడు. మూడో దెబ్బకు గడియ ఊడి వచ్చింది.

బుచ్చన్న మంచం మీద కుడి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. వినపడే చెవి దిండు కింద ఉంది. పోయిన చెవి పైకి ఉంది. ప్రశాంత్ ఒంటి మీద చెయ్యి వెయ్యగానే కళ్ళు తెరిచాడు. చూస్తే ఇంటినిండా మనుషులు. సారలమ్మ పోయిన రోజు తర్వాత ఆ ఇంట్లోకి అంతమంది రాలేదు. ఆడవాళ్ళ కళ్ళలో నీళ్ళు. బుచ్చన్న గాభరాగా లేచి కూర్చున్నాడు.

"ఎవలు పోయిండ్రు రా?" అన్నాడు.

"నువ్వే పోయినవనుకున్నం కాకా," అన్నాడట ప్రశాంత్, అని అక్కడే కింద కూలబడ్డాడట.

హారన్ కొట్టలేదంటే, కొట్టాను, మూడుసార్లు కొట్టానని బుచ్చన్న వాదించాడు. పెద్దాయనకు నిజంగానే మతి చెడిందనుకున్నారు. బయటికి తీసుకొచ్చి నొక్కి చూపించమంటే నొక్కాడు. మేక అరిచింది. అప్పుడు అసలు సంగతంతా బయటపడింది, అతను హారన్ ఎందుకు పెట్టించాడన్నదాంతో సహా.

ప్రశాంత్ చెప్పడం ఆపాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బుచ్చన్న అంతసేపూ బండి పక్కన నిలబడి ట్యాంకు మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు.

"తప్పయిందన్నా," అన్నాను.

అతను తిడితే బాగుండేది. తిట్టలేదు. "మంచిగ ఇనవడ్తాందన్నవ్," అన్నాడు అంతే.



"ఎంత తిప్పినవో అంత మల్ల తిప్పు," అన్నాడు ప్రశాంత్.

"వద్దు తియ్యి," అన్నాడు బుచ్చన్న. "ఇట్లనే ఉండనియ్యి. పాప లేస్తది."

"లేస్తే లేస్తది. మల్ల పండుకుంటది. నువ్వూకో కాకా."

"నీకు మల్ల నైట్ షిఫ్టు వస్తే?"

"వస్తే నేను గూడ లేస్త. లేచి, కాక వచ్చిండని మల్ల పండుకుంట. నిన్న పట్టిన భయం ఉన్నది చూడు, దాని ముంగట నిద్రెంత?" అని నా వైపు తిరిగాడు. "చూస్తవేందన్నా? తిప్పు."

స్క్రూడ్రైవరు తీసుకుని బండి ముందు కూర్చున్నాను. ఒకటిన్నర చుట్టు ముందుకు తిప్పి చివరిదాకా బిగించాను. పెయింటు డబ్బా వెతికి, మర మీద చుక్క వేశాను. ఒకటి చాలదనిపించి ఇంకొకటి కూడా వేశాను.

"కొట్టన్నా," అన్నాను.

బుచ్చన్న బటన్ మీద వేలు పెట్టి నొక్కాడు. బజారు బజారంతా ఇటు తిరిగింది. టీ కొట్టులో నుంచి మళ్ళీ ఎవరో కేకేశారు. నేను లేచి అతని ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను, అడుగుతాడేమోనని. ఈసారి నిజం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

అతను నన్ను అడగలేదు. తల తిప్పి ప్రశాంత్‌ను చూశాడు.

"ఇనవడ్డదా?"

"ఇనవడ్డది కాకా," అన్నాడు ప్రశాంత్.